నూరువరహాల మొక్క: ఆకు పసుపుబారడం, పూత తగ్గడం, సీతాకోకచిలుకలు రాకపోవడం

హైదరాబాదులో తూర్పుముఖం ఇంటికి ప్రహరీ గోడ వెంబడి నూరువరహాల మొక్కలు నాటి రెండేళ్లయిందనీ, లేతాకులు పసుపుబారి వస్తున్నాయనీ, పూత అంతంతమాత్రంగానే ఉందనీ, సీతాకోకచిలుకలూ పిట్టలూ వస్తాయని ఆశపడి పెట్టిన మొక్కల మీద అవి వాలడమే అరుదైపోయిందనీ మీరు రాశారు. వీటిని పీకేసి, పెద్దగా చూసుకోకపోయినా ఏళ్ల తరబడి పూసే మరో మొండి మొక్క పెట్టుకోమంటారా అని అడిగారు. డాలస్‌లో ఉంటున్న మీ అక్కగారు కూడా ఇదే మొక్కను అక్కడి పెరట్లో వేసుకోవాలనుకుంటున్నారని చివర్లో చెప్పారు. రెండు మాటల్లో తేలే విషయం కాదు కనుక వివరంగానే రాస్తున్నాను.

మొక్కలను పీకవద్దు. మీరు వెతుకుతున్న మొండి మొక్క ఇప్పటికే మీ ఇంటి ముందు ఉంది. నూరువరహాలు దక్షిణ భారతానికీ శ్రీలంకకూ సొంతమైన పొద. కాఫీ మొక్క ఏ కుటుంబానికి చెందిందో ఇదీ ఆ కుటుంబానిదే. మన ఎండలకూ వానలకూ తట్టుకుని, ఒకసారి కుదురుకుంటే దశాబ్దాల పాటు ఒకే చోట పూస్తూ ఉంటుంది. పాత దేవాలయాల ఆవరణల్లో, తాతల నాటి పెరళ్లలో, ఎవరూ ప్రత్యేకంగా ఎరువు వేయకపోయినా మనిషి ఎత్తున పెరిగి గుత్తులు గుత్తులుగా ఎర్రగా పూసే పొదలను మీరూ చూసే ఉంటారు. అంత గట్టి మొక్క మీ దగ్గర నీరసించిందంటే, దాని వేళ్ల చుట్టూ చేరిన సున్నాన్నీ, దాని కొసల మీద తరచుగా ఆడే కత్తెరనూ ముందుగా అనుమానించాలి.

ఆకుల సంగతి మొదట చూద్దాం. ఏ ఆకు పసుపుబారింది, ఎలా పసుపుబారింది అన్నదాన్ని బట్టే లోపం ఏమిటో తెలుస్తుంది. కింది ముదురాకులు మొత్తంగా పాలిపోతే నత్రజని చాలలేదని అర్థం. ముదురాకుల్లోనే ఈనెల మధ్య భాగం పసుపుబారితే మెగ్నీషియం తక్కువైందని అనుకోవచ్చు. మీరు చెప్పినట్టు కొసల్లోని లేతాకులు పసుపుపచ్చగా వచ్చి, వాటి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా వలలాగా కనిపిస్తుంటే అది ఇనుము అందకపోవడమే. ఇనుము ముదురాకుల నుంచి లేతాకులకు సులువుగా కదలదు, అందుకే లోపం ఎప్పుడూ కొత్త చిగుళ్లలోనే బయటపడుతుంది. ముదిరితే ఆకు దాదాపు తెల్లబడి, అంచులు గోధుమరంగుకు తిరిగి, కొస ఎండిపోతుంది. నూరువరహాలను పెంచేవాళ్లు అన్నిటికంటే ఎక్కువగా ఎదుర్కొనే ఇబ్బంది ఇదే.

ఎర్రచెలక నేలకు ఆ ఎరుపు ఇనుము వల్లనే వచ్చింది కదా, అలాంటి నేలలో ఇనుము కొరత ఏమిటని మీకు అనిపించవచ్చు. మట్టిలో ఇనుము ఉంటుంది, కానీ వేరు తీసుకోగలిగే రూపంలో ఉండదు. మట్టి పీహెచ్, అంటే పులుపునూ క్షారాన్నీ కొలిచే ఉదజని సూచిక (7 కంటే తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం), పెరిగినకొద్దీ నీటిలో కరిగే ఇనుము ఎన్నో రెట్లు తగ్గిపోతుంది. నూరువరహాలు కాస్త పులుపు నేలను కోరే మొక్క. పీహెచ్ 5 నుంచి 6.5 మధ్య ఉంటే అది ఆరోగ్యంగా ఉంటుంది, 7.5 దాటితే పాలిపోవడం మొదలవుతుంది. మీ మొక్కలు ప్రహరీ గోడ పునాది పక్కనే ఉన్నాయి. గోడ కట్టినప్పుడు రాలిన సిమెంటు, ప్లాస్టరింగ్ పెళ్లలు, సున్నం అక్కడి మట్టిలోనే కలిసిపోయి ఉంటాయి. దానికి తోడు నగరంలో చాలా ఇళ్లలో మొక్కలకు పోసేది బోరు నీళ్లే. బకెట్ల అంచుల్లోనూ గీజర్లలోనూ తెల్లని పొక్కు కట్టే ఆ గట్టి నీటిని రోజూ పోస్తూ ఉంటే, మొదట్లో మంచి ఎర్రమట్టి వేసినా ఏడాది రెండేళ్లలో అది క్షారం వైపు జరుగుతుంది. నాటిన కొత్తలో బాగా ఉన్న మొక్క రెండో ఏట పాలిపోవడానికి ఎక్కువ ఇళ్లలో కారణం ఇదే.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. మొక్క మొదలు దగ్గర జానెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి, ఆరబెట్టి, దాని మీద వంటింటి వెనిగర్ కొద్దిగా పోయండి. చిటపటమని బుడగలు వస్తే ఆ మట్టిలో సున్నం నిలువ ఉన్నట్టే. బుడగలు రాకపోయినా పీహెచ్ ఎక్కువగా ఉండవచ్చు కాబట్టి వ్యవసాయ శాఖ భూసార పరీక్షా కేంద్రంలో మట్టినీ, వీలైతే బోరు నీటినీ పరీక్షించుకుంటే ఊహలతో పని ఉండదు.

మొక్క తక్షణం తేరుకోవడానికి మన రైతులు వేరుశనగకూ వరికీ వాడే మందే పనికివస్తుంది. లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి, ఎండ తగ్గిన సాయంత్రం వేళ లేతాకులు రెండు వైపులా తడిసేలా పిచికారీ చేయాలి. నిమ్మ ఉప్పును ముందుగా నీటిలో కరిగించి ఆ తర్వాతే అన్నభేది వేయండి, ఎప్పటికప్పుడు కలుపుకున్న ద్రావణాన్నే వాడండి. రంగు తుప్పులా మారిందంటే అది ఇక పనిచేయదు. వారం పది రోజుల తేడాతో రెండు మూడు సార్లు కొడితే కొత్త చిగురు పచ్చగా వస్తుంది. ఈ ద్రావణం గోడల మీదా గచ్చు మీదా పడితే తుప్పు మరకలు వదలవు, విచ్చిన పువ్వుల మీద పడితే రేకులు మాడతాయి, అందువల్ల చూసి కొట్టాలి. అన్నభేదిని సున్నపు మట్టిలో వేస్తే మాత్రం ప్రయోజనం ఉండదు, అది త్వరలోనే కరగని రూపంలోకి మారిపోతుంది. మట్టిలో వేయాలంటే ఈడీడీహెచ్ఏ రూపంలోని ఇనుమును, అంటే కరిగే స్థితిలోనే పట్టి ఉంచే పదార్థంతో కలిపిన ఇనుమును, అడిగి తీసుకోండి. ముదురు ఎరుపు రంగు గుళికలుగా దొరుకుతుంది, ఖరీదు ఎక్కువే అయినా క్షార నేలల్లో నిలిచి పనిచేసేది అదే. తక్కువ ధరకు దొరికే ఈడీటీఏ రూపం పీహెచ్ ఎక్కువైన మట్టిలో ఎంతోకాలం నిలవదు.

పిచికారీ మొక్కను నిలబెడుతుంది గానీ కారణాన్ని తీసేయదు. శాశ్వతంగా కుదుటపడాలంటే నీటినీ మట్టినీ మార్చాలి. వర్షపు నీటిని పట్టి వాడుకోగలిగితే అంతకు మించింది లేదు. ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి వేసవిలో అది ఈ మొక్కలకు చక్కగా సరిపోతుంది. ఆర్‌ఓ యంత్రం నుంచి వృథాగా పోయే నీటిని మాత్రం దయచేసి పోయకండి. మామూలు బోరు నీటికంటే అందులో లవణాలు ఎక్కువ సాంద్రంగా ఉంటాయి, నీరు ఆదా అవుతుందనుకుని చేసే ఈ పని మొక్కకు ఎక్కువ హాని చేస్తుంది. పొయ్యి బూడిద, హోమం బూడిద, గుడ్డు పెంకులు కూడా ఈ మొక్క మొదట్లో వేయకూడదు. ఇతర మొక్కలకు మేలు చేసినా నూరువరహాలకు అవి వద్దనుకున్న సున్నాన్నే తెచ్చిపెడతాయి.

మట్టి విషయంలో, వేళ్లను కదిలించకుండా గోడకు ఎదురువైపున అడుగు దూరంలో అడుగు లోతు కాలువలాగా తీసి, సిమెంటు పెళ్లలను ఏరివేసి, ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపి నింపండి. కొత్త వేళ్లు ఆ వైపుకు సాగుతాయి. మొదలు చుట్టూ రెండు మూడు అంగుళాల మందాన ఎండాకులు పరిచి ఉంచితే అవి చివుకుతున్నకొద్దీ మట్టి కాస్త పులుపు వైపు మళ్లుతుంది, తేమ నిలుస్తుంది. గంధకం పొడి చదరపు మీటరుకు 50 గ్రాములు మించకుండా మట్టిలో కలపవచ్చు. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మార్చడానికి నెలలు పడుతుంది కనుక వారంలో ఫలితం ఆశించవద్దు. సున్నం మరీ ఎక్కువగా ఉన్న చోట గంధకం కూడా చాలదు. అలాంటప్పుడు మృగశిర కార్తె తర్వాత వానలు పడగానే మొక్కను మట్టిగడ్డతో సహా తీసి గోడకు మూడడుగుల దూరంలో నాటడమే మేలు.

ఇక పూత. మీ ఫోటోలో మొక్కలు పెట్టెలాగా నాలుగు వైపులా చదునుగా కత్తిరించి ఉన్నాయి. నూరువరహాల పూగుత్తి ఎప్పుడూ కొత్త రెమ్మ చివరనే వస్తుంది. నెలకోసారి తోటపని అతను వచ్చి కొసలన్నీ సమంగా తీసేస్తుంటే, మొగ్గ తొడగబోయే ప్రతి రెమ్మా పూయకముందే పోతుంది. ఎరువు ఎంత వేసినా ఆ మొక్క పూయలేదు. ఏడాదికి ఒక్కసారి, వేసవి చివర తొలకరికి ముందు, మొత్తం ఎత్తులో మూడో వంతుకు మించకుండా, ఒక్కో కొమ్మను చూసుకుంటూ కణుపు పైన కత్తిరించండి. ఎండిన కొమ్మలనూ లోపలికి పెరిగి గజిబిజిగా అల్లుకున్న వాటినీ తీసేయండి. ఆ తర్వాత వచ్చే చిగుళ్లు వానాకాలమంతా పూస్తాయి. ఎండ రోజుకు ఐదారు గంటలైనా తగలాలి. తూర్పుముఖం కాబట్టి మీకు ఉదయపు ఎండ ఉంటుంది, ఎదురింటి నీడ ఎంతసేపు పడుతోందో ఒకసారి గమనించండి. నీడ ఎక్కువైతే మొక్క పచ్చగా, పొడవుగా సాగుతుంది గానీ పూత పలచబడుతుంది.

సీతాకోకచిలుకలు ఎందుకు రావడం లేదన్న ప్రశ్నకు సమాధానం పువ్వు ఆకృతిలోనే ఉంది. నూరువరహాల గుత్తిలోని ఒక్క పువ్వును తీసి చూడండి. నాలుగు రేకుల కింద అంగుళానికి పైగా పొడవున దారంలాంటి సన్నని గొట్టం ఉంటుంది, తేనె దాని అడుగున ఉంటుంది. చిన్నప్పుడు ఆ పువ్వు కాడను తుంచి తేనె చప్పరించని వాళ్లు మనలో తక్కువ. ఆ గొట్టం అడుగుదాకా అందగలిగేది పొడవైన తొండం ఉన్న పెద్ద సీతాకోకచిలుకలకే. నల్లని రెక్కల కామన్ మార్మన్, ఎర్రని ఒంటితో ఉండే క్రిమ్సన్ రోజ్, ఆకుపచ్చ మచ్చల టెయిల్డ్ జే, తూర్పు కనుమల దాపున ఉన్న ఊళ్లలో అయితే అరచేయంత బ్లూ మార్మన్ దీనికి వచ్చే ముఖ్య అతిథులు. వీటి రాకకు తగినట్టే పువ్వు కూడా అమరి ఉంటుంది. మొగ్గ దశలోనే పుప్పొడి కీలం (పువ్వు మధ్యలోని సన్నని ఆడ కాడ) పైభాగానికి అంటుకుని, పువ్వు విచ్చేసరికి బయటికి పొడుచుకుని సిద్ధంగా ఉంటుంది. తేనె కోసం తల దూర్చిన సీతాకోకచిలుక ముఖానికి అది అంటుకుని మరో పువ్వుకు చేరుతుంది. ఆ తర్వాతే అదే కీలం కొస విచ్చుకుని, వేరే పువ్వు నుంచి వచ్చే పుప్పొడిని అందుకుంటుంది. ఇంత చక్కని ఏర్పాటు మన పెరటి పొదలో ఉందని తెలిస్తే దాన్ని పీకేయాలని ఎవరికీ అనిపించదు.

అందుకే ఏ రకం నాటామన్నది ముఖ్యం. నర్సరీల్లో ఇప్పుడు ఎక్కువగా అమ్మేది చిన్న ఆకులతో గుబురుగా, మోకాలెత్తున పెరిగే మరుగుజ్జు రకం. అంచుకు అందంగా ఉంటుంది, ఏడాది పొడుగునా ఎంతో కొంత పూస్తుంది గానీ, దానికి కాయలు పట్టడం అరుదు. పాత ఎర్రని దేశవాళీ రకానికి కొసదేరిన రేకులు, దాదాపు కాడ లేకుండా కొమ్మను అంటిపెట్టుకున్న వెడల్పాటి ఆకులు ఉంటాయి. దీని గుత్తి పెద్దది, పిట్టలు కోరే పండ్లు కాసేది కూడా ఇదే. మీ వరుసలో ఇది ఒక్కటైనా ఉండాలని నా గట్టి అభిప్రాయం. దీన్ని కొనక్కర్లేదు. బంధువుల పాత పెరట్లో పొద ఉంటే వానాకాలంలో పెన్సిలు మందాన ఉన్న, మరీ లేతా మరీ ముదురూ కాని కొమ్మలను ఆరంగుళాల ముక్కలుగా తెచ్చి, పైన రెండాకులు సగానికి తుంచి, ఇసుకా కొబ్బరి పొట్టూ కలిపిన సంచుల్లో నీడపట్టున గుచ్చండి. నెల నుంచి రెండు నెలల్లో వేళ్లు పడతాయి. రెండు మూడు కొమ్మలు చాలవు, పది పన్నెండు గుచ్చితే కొన్నైనా నిలుస్తాయి.

తేనె ఉన్నంత మాత్రాన సీతాకోకచిలుకలు మీ ఇంటి చుట్టూ ఉండిపోవు. అవి గుడ్లు పెట్టేది పిల్లపురుగులు తినగలిగే ఆకు ఉన్న చోటే, ఏ జాతికి ఆ మొక్కే కావాలి. కామన్ మార్మన్‌కు కరివేపాకూ నిమ్మా కావాలి. ఆ చెట్ల లేతాకుల మీద పిట్టరెట్టలా కనిపించే గోధుమ, తెలుపు రంగుల పురుగు దాని పిల్లే, కొంచెం ఎదిగాక ఆకుపచ్చగా మారుతుంది. కరివేపాకును రెండు కుండీల్లో పెంచి ఒకటి వంటింటికి, ఒకటి వాటికి వదిలేయండి. క్రిమ్సన్ రోజ్‌కు గాడిదగడపాకు, ఈశ్వరి తీగ కావాలి. టెయిల్డ్ జేకి రోడ్ల పక్కన నిటారుగా పెంచే, వాడుకలో అశోక అని పిలిచే చెట్టు చాలు, అది మీ వీధిలో ఉండే ఉంటుంది. వెడల్పాటి మట్టి పళ్లెంలో ఇసుకా మట్టీ వేసి తడిగా ఉంచితే, ముఖ్యంగా మగవి, ఆ తడిలోని లవణాల కోసం వచ్చి వాలతాయి. ఆ పళ్లేనికి బోరు నీళ్లు నిశ్చింతగా పోయవచ్చు.

పిట్టల్లో మొదట వచ్చేవి తేనెపిట్టలు. వంకర ముక్కుతో గుత్తి అంచున వేలాడుతూ ఒక్కో గొట్టాన్నీ వెతుకుతాయి. తేనె తమకు, పురుగులు పిల్లలకు అన్నది వాటి పద్ధతి. గూట్లోని పిల్లలను అవి చిన్న పురుగులతోనూ సాలీళ్లతోనూ పెంచుతాయి, వేలాడే గూటిని సాలెగూటి దారాలతో అల్లుతాయి. కాబట్టి పొదల్లోని సాలెగూళ్లను చీపురుతో దులిపేయకండి. ఎర్రని పువ్వులు రాలాక వచ్చే బఠాణీ గింజంత కాయలు మొదట ఎర్రగా, తర్వాత నల్లగా పండుతాయి. వాటి కోసం పిగిలిపిట్టలు వస్తాయి. అందుకని వాడిన గుత్తులన్నిటినీ శుభ్రం కోసం కోసేయకుండా సగమైనా కాయకు వదలండి. పూజకు పువ్వులు కోసుకోవడంలో అభ్యంతరం ఏమీ లేదు, ఇంటి వైపు కొమ్మలవి మీరు కోసుకుని, బయటి వైపువి పిట్టలకు ఉంచండి. కత్తిరించే ముందు లోపల గూడు ఉందేమో ఒకసారి కొమ్మలు తప్పించి చూడడం అలవాటు చేసుకోండి.

పురుగుమందుల గురించి గట్టిగానే చెప్పాలి. నూరువరహాలకు పిండినల్లి, పొలుసు పురుగు పడతాయి. అవి విసర్జించే తీపి జిగురు మీద నల్లని మసి కడుతుంది, ఆ జిగురు కోసం చీమలు బారులు కడతాయి. మొక్క మీద చీమలు కనిపిస్తే ఆకు అడుగు భాగం చూడండి. నీటి పైపుతో గట్టిగా కొట్టి కడగడం, ఎక్కువగా పట్టిన కొమ్మను తీసేయడం, తప్పనిసరైతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె కొద్దిగా సబ్బునీటితో కలిపి పూలు లేని భాగాల మీద సాయంత్రం పూట చల్లడం సరిపోతుంది. దుకాణంలో ఇమిడాక్లోప్రిడ్ ఇస్తే తీసుకోవద్దు. ఆ తరహా మందులు మొక్క రసంలో కలిసి పువ్వులోని తేనెకూ పుప్పొడికీ చేరతాయి. సీతాకోకచిలుకలను రమ్మని పిలిచిన మొక్కకు అది వేయడం క్షమించరాని పని. నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన మొక్కలకు ముందే ఏ మందు కొట్టారో అడిగి తెలుసుకోవడం కూడా మంచిది.

మీకు ఎవరో సూచించారన్న తలంబ్రాల చెట్టు సీతాకోకచిలుకలను బాగా పిలుస్తుందన్నది నిజమే. కానీ అది అమెరికా ఖండం నుంచి వచ్చి, పిట్టలు తిని విసర్జించే గింజల ద్వారా మన అడవుల్లోకి పాకి, దేశవాళీ మొక్కలను అణగదొక్కుతోంది, పశువులు మేస్తే విషం. నూరువరహాలు ఉండగా దాని అవసరం లేదు.

డాలస్ విషయానికి వస్తే, మీ అక్కగారికి ఈ మొక్కను నేలలో నాటవద్దని చెప్పండి. అక్కడ చలికాలంలో నీరు గడ్డకట్టే చలి పడుతుంది, ఆ మంచుకు నూరువరహాలు చనిపోతుంది. పైగా ఆ ప్రాంతపు నల్లని బంకమట్టిలో సున్నం ఎక్కువ, మీరు ఇక్కడ పడుతున్న ఇబ్బందే అక్కడ ఇంకా తీవ్రంగా ఉంటుంది. మరీ ముచ్చటపడితే పులుపు నేలను కోరే మొక్కల కోసం అమ్మే మట్టితో కుండీలో పెంచి, చలి మొదలవగానే ఎండ తగిలే కిటికీ దగ్గర లోపల పెట్టుకోవాలి. పెరట్లో మొండిగా నిలిచేది కావాలంటే డాలస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రంలో సహజంగా పెరిగే టర్క్స్ క్యాప్ ఉంది. అది మందారం బంధువే, ఎర్రని పువ్వు పూర్తిగా విచ్చకుండా చుట్టుకునే ఉంటుంది. సున్నపు మట్టినీ, కొంత నీడనూ, ఎండాకాలపు వేడినీ ఓర్చుకుని వేసవి నుంచి మంచు పడేదాకా పూస్తుంది. హమ్మింగ్‌బర్డ్‌లూ సీతాకోకచిలుకలూ తేనెకు వస్తాయి, ఎర్రని చిన్న పండ్లను పిట్టలు తింటాయి. వసంతంలో నాటి మొదటి వేసవి నీళ్లు తప్పకుండా పోస్తే చాలు. చలికాలంలో పైభాగమంతా ఎండిపోయినట్టు కనిపించినా చచ్చిందనుకుని తవ్వేయవద్దనీ, ఎండిన కాడలను నేలకు నాలుగంగుళాల ఎత్తులో కత్తిరించి మొదట్లో ఆకులు కప్పి ఉంచమనీ, వసంతంలో వేరు నుంచి పిలకలు వస్తాయనీ ఆవిడకు చెప్పండి.